రథసప్తమి నుంచి ఉగాది దాకా: వేరుకు దొరికే 53 రోజులు

అరసవల్లిలో రథసప్తమి క్షీరాభిషేకం జరిగిన రోజు నుంచి ఇళ్లలో ఉగాది పచ్చడి కలిపే రోజుకు తిథుల లెక్కన 54, రోజుల లెక్కన సుమారు 53. మాఘ శుద్ధ సప్తమికీ చైత్ర శుద్ధ పాడ్యమికీ ఉన్న దూరం అది. మధ్యలో అధిక మాసం పడితే తప్ప మారదు. శివరాత్రి ఈ దారిలో మూడు వారాలకు వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెరటి మొక్కలు పెంచేవాళ్లకు ఈ మూడు పండుగలూ మంచి కొలకర్రలు. ఏం మొదలుపెట్టాలి, ఎప్పుడు చూసుకోవాలి, ఎప్పటికి పని తేలిపోవాలి అనేవి మూడూ వీటితో తెలుస్తాయి.

కొత్త మొక్క మొదలుపెట్టడానికి తొలకరి తర్వాత ఇంత అనువైన కాలం మనకు లేదు. రాత్రి చలి తగ్గుతుంది, పగలు ఎండ ఇంకా ముదరదు. తీరం వెంట ఫిబ్రవరిలో పగలు 30 డిగ్రీల దగ్గర, రాత్రి 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. విత్తనం మొలవడానికీ, కొమ్మ వేరు పట్టడానికీ ఈ వెచ్చదనం సరిపోతుంది. చలి దేశాల్లో ఇదే పని కోసం ట్రేల కింద కరెంటుతో వేడెక్కే చాపలు పరుస్తారు. మనకు అది ఊరికే దొరుకుతోంది. కాకపోతే తొలకరి తర్వాత నాలుగు నెలలు వానలు ఉంటాయి, మాఘం తర్వాత వచ్చేది ఎండ. ఉగాది నాటికి వేరు నేలలోకి దిగని మొక్కను బతికించాలంటే రోజుకు రెండు పూటలా నీళ్లు మోయాలి. అలా మోసినా చాలావరకు పోతాయి.

అందుకే విత్తనం వేయాలా, చిన్న గూళ్ల ట్రేలో పెంచిన నారు కొనాలా, కొమ్మ గుచ్చాలా అన్న ప్రశ్నను ధర చూసి, తీరిక చూసి తేల్చడం సరికాదు. చూడాల్సింది వేరు. విత్తనంలో ముందు బయటికి వచ్చేది వేరు, ఆ తర్వాతే ఆకు. కొమ్మలో చాలాసార్లు ముందు వచ్చేది చిగురు, వేరు తర్వాత. ట్రే నారులో రెండూ సిద్ధంగా ఉంటాయి కానీ ఆ వేరు ఇంకా బొటనవేలంత గూడులో బందీగా ఉంది. ఈ మూడు తేడాలూ మనసులో ఉంచుకుంటే మిగతా నిర్ణయాలు చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి.

ఒక జాగ్రత్త. పండుగలు చంద్రుణ్ని బట్టి వస్తాయి, ఎండ సూర్యుణ్ని బట్టి వస్తుంది. 2025లో రథసప్తమి ఫిబ్రవరి 4న వచ్చింది, 2026లో జనవరి 25నే వచ్చేసింది. పది రోజుల తేడా చిన్నది కాదు. పండుగ ముందే వచ్చిన ఏడాది మొదటి వారంలో రాత్రి చలి ఇంకా ఉంటుంది కాబట్టి మిరప, వంగ గింజలు మొలవడానికి రెండు మూడు రోజులు ఎక్కువ తీసుకుంటాయి. ఆలస్యంగా వచ్చిన ఏడాది చివరి వారం ఎండలో కలిసిపోతుంది. 53 రోజుల లెక్క మారదు, ఆ రోజుల్లోని వేడి మారుతుంది.

నేరుగా గింజ వేసేవి

బెండ, గోరుచిక్కుడు, బీర, ఆనప, దోస, గుమ్మడి, గోంగూర, తోటకూర. వీటికి ట్రే అక్కర్లేదు, నారు అక్కర్లేదు. బెండ, గోంగూరల తల్లివేరు నిటారుగా కిందికి దూసుకుపోయే రకం. పీకి నాటితే అది తెగుతుంది లేదా వంగుతుంది. పందిరి పాదులకు కూడా వేరు కదిపితే కోలుకోవడానికి వారం పైనే పడుతుంది. పాదులో రెండు మూడు గింజలు వేసి, మొలిచాక బలమైనదాన్ని ఉంచి మిగతావి కత్తిరించడమే మేలు. పీకితే పక్కదాని వేరు కూడా కదులుతుంది.

బీర, ఆనపల విషయంలో తొందరపడటానికి ఇంకో కారణం ఉంది. ఈ జాతి పాదుల్లో మగ పువ్వులు, ఆడ పువ్వులు వేరువేరుగా పూస్తాయి. పగటి పొద్దు పెరిగి వేడి హెచ్చే కొద్దీ మగ పువ్వులు ఎక్కువవుతాయి, ఆడ పువ్వులు తగ్గుతాయి. మార్చి చివర్లో గింజ వేసినవాళ్లు "పాదు నిండా పూతే, ఒక్క పిందె లేదు" అని బాధపడటం వెనక ఉన్నది చాలావరకు ఇదే. రథసప్తమికి వేసిన బీర 50, 55 రోజుల్లో, అంటే సరిగ్గా ఉగాది వేళకు కాయ ఇస్తుంది. దోస ఇంకా ముందే. ఆ పాటికి వేరు లోతుకు దిగి ఉంటుంది, ఆకు నేలను కప్పి ఉంటుంది కాబట్టి ఎండను తట్టుకుంటుంది.

బెండ గింజను ఒక రాత్రి నానబెడితే చాలు. దాచుకున్న సొంత గింజలైతే ముందు పది గింజలు తడి గుడ్డలో కట్టి చూసుకోవాలి. ఏడుకు తగ్గకుండా మొలిస్తే ధైర్యంగా వేయొచ్చు. కిందటేడు కొన్న హైబ్రిడ్ మొక్క కాయలోంచి తీసిన గింజ మాత్రం మొలుస్తుంది కానీ అదే కాయ ఇవ్వదు. తల్లి గుణం, తండ్రి గుణం రెండో తరంలో విడిపోతాయి. నాటు రకాలు గింజ దాచుకోవడానికి పనికొస్తాయి, హైబ్రిడ్‌లు పనికిరావు.

ట్రే నారు

నారు పోసి నాటడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. వరి సంగతి సరే, చోడి (రాగి) కూడా నారు పోసి నాటిన నేల ఇది. కొత్తగా వచ్చింది గూళ్ల ట్రే. మడిలో పోసిన నారును పీకినప్పుడు సన్న వేళ్లు మట్టిలోనే తెగి ఉండిపోతాయి. నీటిని పీల్చేది ఆ సన్న వేళ్లే. ట్రే నారు మొత్తం వేరుతో, దాని చుట్టూ ఉన్న కొబ్బరిపొట్టు ముద్దతో సహా బయటికి వస్తుంది. మడి నారు నాలుగైదు రోజులు వాడి లేస్తే, ట్రే నారు మర్నాటికే నిలబడుతుంది. 53 రోజుల్లో ఆ నాలుగైదు రోజులకు చాలా విలువ ఉంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. టమాటా ట్రేలో 22 నుంచి 25 రోజులు, వంగ నెల రోజులు, మిరప 35 నుంచి 40 రోజులు ఉండాలి. రథసప్తమికి గింజ వేసిన టమాటా శివరాత్రి వెళ్లిన రెండు మూడు రోజులకు నాటడానికి వస్తుంది. నాటిన నెలకు పూత, అంటే ఉగాది. టమాటాకు రాత్రి వేడి 25 డిగ్రీలకు దగ్గరగా పోతే పుప్పొడి సరిగా పని చెయ్యదు, పూత రాలిపోతుంది. మన తీరంలో పగటి ఎండ లోపలి జిల్లాలంత ఘోరంగా ఉండకపోవచ్చు కానీ సముద్రపు తేమ వల్ల చైత్రంలో రాత్రి చల్లబడదు. టమాటాను దెబ్బ తీసేది ఆ రాత్రే. కాబట్టి ఈ కాలంలో టమాటా గింజతో మొదలుపెట్టడం అంచు మీద నడక. తయారైన నారు తెచ్చి రథసప్తమి వారంలోనే నాటితే మూడు వారాలకు పైగా కలిసి వస్తాయి, వేడి ముదిరే లోపే మొదటి గుత్తులు నిలుస్తాయి.

మిరపకు ఈ లెక్క ఇంకా కఠినం. ఇప్పుడు గింజ వేస్తే ఉగాదికి పక్షం రోజుల ముందు నాటాలి. అది నాటే సమయం కాదు. మిరప కావాలంటే నారు కొనడమే దారి, లేకపోతే ధనుర్మాసంలోనే గింజ వేసి ఉండాలి. వంగ మాత్రం ఓర్పు గల మొక్క. గింజతో మొదలుపెట్టినా ఎండను ఈడుస్తుంది.

ఇంట్లోనే ట్రే నారు పెంచాలనుకునేవాళ్లకు శ్రీకాకుళం జిల్లా కొబ్బరి సీమ ఉద్దానం దగ్గర్లో ఉండటం పెద్ద వసతి. కవిటి, కంచిలి వైపు కొబ్బరి పీచు తీసే చోట పొట్టు గుట్టలుగా మిగులుతుంది. అయితే పచ్చి పొట్టును తెచ్చి నేరుగా నింపకూడదు. అందులో ఉప్పు, వగరు రసం ఉంటాయి, కుళ్లే క్రమంలో అది నత్రజనిని కూడా తానే తినేస్తుంది. మాగిన పొట్టును రెండు మూడు నీళ్లు మార్చి కడిగి, ఆరబెట్టి, కొంచెం జల్లించిన వర్మీకంపోస్టు కలిపితే సరిపోతుంది. తీరానికి దగ్గరున్న ఊళ్లలో బోరు నీరే ఉప్పగా ఉంటే ఆ నీటితో ఎంత కడిగినా లాభం లేదు, మంచినీరు వాడాలి. 98 గూళ్ల ట్రేకు సుమారు 1.2 కిలోల పొట్టు పడుతుంది. అరసెంటీమీటరు లోతున గూటికి ఒక గింజ వేసి, నీళ్లు చల్లి, ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చి పాలిథిన్ కప్పితే లోపలి వెచ్చదనానికి మొలక త్వరగా వస్తుంది. మొదటి మొలక కనబడ్డ పూటే విడదీసి వెలుతురులో పెట్టాలి. ఒక్క రోజు ఆలస్యమైనా కాండం తెల్లగా సాగిపోతుంది, అలా సాగిన నారు మళ్లీ బాగుపడదు.

నారుకుళ్లు గురించి ఎక్కువ టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ నీళ్లు పోస్తుంటారు. ఆ తెగులు తెచ్చే బూజుకు కావాల్సింది ఎడతెగని తడి. ఉదయం పూట ఒకసారి, పొట్టు పైపొర రంగు తేలాకే నీళ్లు. గింజకు ముందే ట్రైకోడెర్మా అనే మేలు చేసే బూజు పొడి పట్టిస్తే ఇంకా మంచిది. అయినా మొదళ్లు మెత్తబడి మొక్కలు పడిపోవడం మొదలైతే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపాలి. ఎండ పెరిగే కొద్దీ తెల్లదోమ కూడా పెరుగుతుంది, టమాటాకు ఆకుముడత వైరస్‌ను మోసేది అదే. నారు దశలో సోకిన మొక్క చివరిదాకా కోలుకోదు. అందుకే ట్రేల మీద 40 మెష్ (అంగుళానికి 40 కన్నుల) సన్న వల కప్పడం ఖర్చు అనుకోకూడదు.

కొనేటప్పుడు పచ్చగా పొడుగ్గా ఉన్న ట్రేను ఎంచుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఒక మొక్కను మెల్లగా పైకి తీసి కింద చూడాలి. తెల్లని వేళ్లు ముద్దను పట్టి ఉంచితే అది సరైన వయసు. వేళ్లు గోధుమ రంగుకు తిరిగి గూడు చుట్టూ చుట్టుకుపోయి ఉంటే ముదిరిన నారు. ట్రేలోనే మొగ్గ వేసిన మిరప, టమాటా నారు అయితే చవగ్గా ఇచ్చినా వద్దు. నర్సరీలకు పేరుపడ్డ కడియం వైపు నుంచి జాతీయ రహదారి మీద లారీల్లో వచ్చే మొక్కలకు కూడా ఈ పరీక్ష వర్తిస్తుంది. ఇంకో రకం వాతావరణం నుంచి, నీడ వలల కింది నుంచి వచ్చినవి కాబట్టి వాటిని నాలుగైదు రోజులు చెట్టు నీడన ఉంచి, నీళ్లు కాస్త తగ్గించి, అప్పుడు నాటాలి.

నాటేటప్పుడు గుంతలో ముందు నీళ్లు పోసి, సాయంత్రం పూట, పొట్టు ముద్ద నేల మట్టానికి వేలి మందం లోపలికి పోయేలా పెట్టాలి. ముద్ద పైకి తేలి ఉంటే దీపపు వత్తి నూనెను లాగినట్టు లోపలి తడిని పైకి లాగి గాలికి వదిలేస్తుంది. పైన పొడి ఎర్రమట్టి, లోపల ఎండిన ముద్ద, నీళ్లు పోసినా పక్కనుంచి జారిపోతాయి. విజయనగరం ఎర్రనేలల్లో నాటిన వారానికే నారు పోయిందంటే ముందు అనుమానించాల్సింది ఈ పొరపాటునే. టమాటాను మొదటి ఆకుల దాకా పూడ్చినా కాండం నుంచి కొత్త వేళ్లు వేస్తుంది. మిరప, వంగలను అంత లోతుగా పెట్టనక్కర్లేదు.

కొమ్మ నుంచి మొక్క

కొమ్మ గుచ్చడంలో మోసపోయేది ఎక్కువగా ఈ కాలంలోనే. మాఘం, ఫాల్గుణం చెట్లు చిగురేసే రోజులు. కోసిన కొమ్మలో దాచుకున్న పిండిపదార్థం ఉంటుంది. వెచ్చదనం తగలగానే కన్ను విచ్చుకుని, ఆ నిల్వ తిని రెండు ఆకులు వేస్తుంది. కింద వేరు ఇంకా పుట్టి ఉండదు. ఇంట్లోవాళ్లు బతికిందని సంతోషించి ఎండలోకి మారుస్తారు, మూడో రోజుకు ఆకు వడలిపోతుంది. చనిపోయింది ఎండకు కాదు, నిల్వ అయిపోయి, ఆకు అడిగే నీటిని తెచ్చే వేరు లేక. కొమ్మ మీద మొదటి చిగురును వేరు పట్టిన గుర్తుగా తీసుకోకూడదు. రెండో జత ఆకులు పూర్తిగా విప్పారి, గట్టిపడి, మధ్యాహ్నం కూడా తలెత్తి నిలబడితే అప్పుడు నమ్మొచ్చు. మధ్యలో లాగి చూస్తే అప్పుడే పుట్టిన వేళ్లు తెగుతాయి.

వేరు ఎక్కడ పుడుతుందో తెలిస్తే కోత ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే పదార్థం పై నుంచి కిందికే ప్రయాణిస్తుంది. కోసిన చోట అది పోగుపడి, ఆ దగ్గరి కణాలను వేరుగా మారుస్తుంది. కణుపు దగ్గర ఈ పని తేలిక, అందుకే కింది కోత కణుపుకు కాస్త దిగువన పెడతారు. కొమ్మను తలకిందులుగా గుచ్చితే పని చెడేది కూడా ఇందుకే. కిందివైపు ఏటవాలుగా, పైవైపు సమంగా కోసే అలవాటు చేసుకుంటే తలా తోకా తికమక పడదు. నర్సరీల్లో వాడే వేరు పొడిలో ఉండేది ఆ ఆక్సిన్‌కు తమ్ముడి లాంటి ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లం. 1935లో అమెరికాలో జిమ్మర్‌మన్, విల్‌కాక్సన్ అనే శాస్త్రవేత్తలు దీని గుణాన్ని చూపించారు. మందార, నందివర్ధనం, బచ్చలి, పుదీనాలకు ఈ పొడి అవసరమే లేదు. గులాబీ, దానిమ్మలకు పనికొస్తుంది.

కొమ్మ వయసు కూడా ముఖ్యం. మరీ లేతది కుళ్లుతుంది, మరీ ముదిరినది మొండికేస్తుంది. పెన్సిల్ మందం, వంచితే కొద్దిగా వంగి ఆ పైన పుటుక్కున విరిగే కొమ్మ సరైనది. నాలుగు కణుపులు, వాటిలో రెండు లోపలికి. పూత మీదున్న కొమ్మ వద్దు, దాని నిల్వంతా పువ్వుకు పోయి ఉంటుంది. ఆకులు ఒకటి రెండు మాత్రం ఉంచి, వాటినీ సగానికి కత్తిరించాలి. కడిగిన ఏటి ఇసుకలో గుచ్చితే చాలు. ఇసుకలో పోషకం లేదు కదా అని పేడ ఎరువు కలిపేవాళ్లు ఉన్నారు. వేరు లేని కొమ్మకు ఎరువు దేనికి? అది కుళ్లును పిలవడానికే పనికొస్తుంది.

ఇక గాలి. భోగాపురం, పూసపాటిరేగ, కళింగపట్నం వైపు సముద్రపు తేమ వల్ల కొమ్మలు తాటాకు నీడన ఉంచినా నిలుస్తాయి. రాజాం, బొబ్బిలి వైపు ఫిబ్రవరి చివర్లో మధ్యాహ్నపు గాలి పొడిగా ఉంటుంది. అక్కడ కుండీ మీద తెల్లని పాలిథిన్ కవరు బోర్లించి, నీడలోనే ఉంచాలి. కవరుతో ఎండలో పెడితే లోపల ఉడికిపోతుంది.

రథసప్తమికి గుచ్చిన మందార శివరాత్రి నుంచి ఇంకో వారం పది రోజుల్లో వేరు పడుతుంది. గులాబీ నాలుగు నుంచి ఆరు వారాలు. పుదీనా వారం పది రోజులే. శివరాత్రి తర్వాత గుచ్చిన గులాబీ ఉగాదికి వేరు చూపినా నేలలో కుదురుకోదు, దాన్ని తొలకరి దాకా కుండీలోనే నీడన ఉంచాలి. ఢిల్లీ కనకాంబరానికి అసలు వేరే దారి లేదు. అది మూడు వరసల క్రోమోజోములున్న రకం కాబట్టి గింజ కట్టదు, కొమ్మతోనే పెంచాలి. నాటు కనకాంబరం గింజతో వస్తుంది. మల్లె కొమ్మను మాత్రం ఈ రెండు నెలలు కోయకపోవడం మంచిది, మొగ్గ తొడిగే కాలం. ములగ కూడా అంతే. పూత, పిందె మీదున్న చెట్టు కొమ్మ నరికి పాతితే కాయా పోతుంది, కొమ్మా నిలవదు. కాపు అయిపోయాక, తొలి వానలకు, మనిషి నడుము ఎత్తు కొమ్మను పాతితే దాదాపు చూడనక్కర్లేదు.

ఇప్పుడు కుదరనివి, ఇప్పుడే చూసుకోవాల్సినవి

కొన్ని గింజలు నిల్వకు ఓర్చవు. కరివేపాకు గింజ పండు రాలిన కొన్ని వారాల్లోనే ప్రాణం పోగొట్టుకుంటుంది, పనస, మామిడి గింజలూ అంతే. ఎండబెట్టి డబ్బాలో దాచిన పనస గింజను మాఘంలో పాతితే మొలవదు. కరివేపాకు కావాలంటే ఇప్పుడు తల్లిచెట్టు చుట్టూ లేచిన పిలకను వేరుతో సహా తవ్వి తెచ్చుకోవాలి. అరటికి కత్తిలా సన్నని ఆకులున్న పిలకే ఎంచుకోవాలి. వెడల్పాటి ఆకుల నీటి పిలకకు కింద దుంప బలం ఉండదు.

ఉద్దానంలో ఈ ప్రశ్న పెరటిది కాదు, బతుకుది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో లక్షల కొబ్బరి చెట్లను, జీడి తోటలను పడగొట్టింది. మళ్లీ నాటేటప్పుడు ఈ రెండు చెట్ల దారులు పూర్తిగా వేరు. కొబ్బరికి ఉన్నది తలలో ఒకే ఒక్క మొవ్వు. కొమ్మ లేదు, అంటు కట్టడానికి తావు లేదు. మంచి తల్లిచెట్టును ఎంచి, ఏడాది ముదిరిన కాయను మొలిపించడమే రైతు చేతిలో ఉన్న మార్గం. వేసవికి ముందు ఈ నెలల్లో కోసిన విత్తనపు కాయను పొడుగు రకమైతే రెండు నెలలు నీడన నిల్వ ఉంచి, తొలకరికి నారుమడిలో పాతుతారు. ముందు మొలిచిన కాయలే ముందు కాపుకు వస్తాయి కాబట్టి ఐదారు నెలలకూ మొలవనివాటిని నిర్దాక్షిణ్యంగా తీసేయాలి. పొడుగు రకం కాపుకు ఆరేడేళ్లు పడుతుంది. ఈ ఎంపికలో చేసిన తప్పు అన్నేళ్ల తర్వాత గానీ బయటపడదు.

జీడికి ఎంపిక ఉంది, అందుకే గింజ నాటిన తోట మీద గట్టిగా మాట్లాడాలి. జీడిలో పరపరాగ సంపర్కం, అంటే ఒక చెట్టు పుప్పొడి ఇంకో చెట్టు పువ్వుకు చేరడం, ఎక్కువ. ఎంత మంచి చెట్టు గింజైనా పిల్ల చెట్లు తలో రకంగా వస్తాయి. ఒకే తోటలో ఒక చెట్టు విరగకాస్తే పక్కది ఖాళీగా నిలబడటం పలాస, మందస వైపు ఎవరికీ కొత్త కాదు. లేత కాండం అంటు మొక్క తల్లి గుణాన్ని అలాగే తెస్తుంది, మూడో ఏట నుంచి కాపు చూపిస్తుంది. ఆ అంటుకు వేరునిచ్చే కింది మొక్క కావాలి, దాని పని ఫాల్గుణంలోనే మొదలవుతుంది. రాలే కొత్త జీడిపిక్కల్ని నీళ్లలో వేసి, తేలినవి తీసేసి, మునిగినవాటిని ఉంచుకోవాలి. చైత్రంలో ఒక రోజంతా నానబెట్టి సంచుల్లో వేస్తే 45 నుంచి 60 రోజుల్లో అంటుకు తగిన లేత కాండం వస్తుంది, అంటే తొలకరి వేళకు. పై కొమ్మను ఎంచిన తల్లిచెట్టు మీదే వారం పది రోజుల ముందు ఆకులు కత్తిరించి, కాడలు మాత్రం ఉంచితే కన్నులు ఉబ్బి కోతకు సిద్ధమవుతాయి.

చామంతిని సంక్రాంతి పూలు అయ్యాక పీకి పారేయడం చాలా ఇళ్లలో అలవాటు. దాన్ని మొదలుకు జానెడు ఎత్తున కోసి వదిలితే మాఘంలో చుట్టూ పిలకలు లేస్తాయి. వేళ్లున్న పిలకలను విడదీసి, తూర్పు ఎండ మాత్రం తగిలే చోట కుండీల్లో పెట్టి, వేసవంతా వాటిని పెంచడం కోసం కాకుండా బతికించడం కోసమే తడుపుతూ ఉండాలి. చామంతి రాత్రి పొడుగైతేనే మొగ్గ తొడుగుతుంది కాబట్టి ఈ నెలల్లో పూస్తుందని ఎదురుచూడనక్కర్లేదు. జ్యేష్ఠంలో మొదటి వాన పడ్డాక వాటి చివర్లు రెండు మూడు అంగుళాలు తుంచి మళ్లీ ఏటి ఇసుకలో గుచ్చితే, ఒక్కో పిలక నుంచి ఐదారు మొక్కలు వస్తాయి.